నల్ల కారులో ముఖం కనిపించాలంటే

ముదురు రంగు కార్ల మెరుపు మీద వచ్చిన ప్రశ్నలన్నీ ఈ నెల ఒకచోట చేర్చాం. నలుపుకు చెప్పిందంతా ముదురు నీలానికీ, ముదురు ఎరుపుకూ, బొగ్గు రంగుకూ వర్తిస్తుంది.

ప్రశ్న: నల్ల కారు కొని పద్నాలుగు నెలలైంది. నీడలో బాగానే ఉంటుంది. ఎండలోకి తీస్తే బానెట్ మీద సూర్యుడి చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నగీతలు. అపార్ట్‌మెంట్‌లో మనిషిని పెట్టి రోజూ తుడిపిస్తున్నాం. అయినా ఇలా ఎందుకైంది? రంగు నాసిరకమా? – విజయవాడ

జవాబు: రంగులో లోపమేమీ లేదు. రోజూ తుడిపించడం వల్లే ఇలా అయింది.

రేకు మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికన్నా పైన క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పూత ఉంటాయి. అన్నీ కలిపినా సాధారణంగా 100 నుంచి 140 మైక్రాన్లు. అందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 మైక్రాన్లే. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే మీరు చూసి మురిసిపోయే మెరుపంతా వెంట్రుక కన్నా పల్చనైన పొరలో ఉంది. దుమ్ములో ఉండే ఇసుక రేణువు ఆ పూత కన్నా చాలా గట్టిది. ఒకే బకెట్ నీళ్లతో, ఒకే గుడ్డతో వరసగా ఆరేడు కార్లు తుడుస్తుంటే, నాలుగో కారు దగ్గరికి వచ్చేసరికి ఆ గుడ్డ ఉప్పు కాగితంతో సమానం.

తెల్ల కారుకూ ఇవే గీతలు పడతాయి. తెలుపు తన మీద పడిన వెలుగును నాలుగు వైపులా వెదజల్లుతుంది కాబట్టి గీతల తళుకు అందులో కలిసిపోతుంది. నలుపు వెలుగును మింగేస్తుంది. మీ కంటికి చేరేది పైపూత నుంచి తిరిగొచ్చే ప్రతిబింబం ఒక్కటే. దాన్ని చెదరగొట్టే ప్రతి గీతా పైకి కనిపిస్తుంది. గుండ్రంగా తుడవడం వల్ల గుండ్రటి గీతలు పడ్డాయని చాలామంది అనుకుంటారు. నిజానికి గీతలు అన్ని దిక్కులా ఉంటాయి. సూర్యుడి ప్రతిబింబానికి అడ్డంగా పడినవే తళుక్కుమంటాయి కనుక వలయంలా అనిపిస్తుంది. తల కాస్త పక్కకు జరిపి చూడండి, వలయం కూడా జరుగుతుంది.

కాబట్టి ముందు ఆ రోజువారీ తుడుపు ఆపించండి. మనిషిని మాన్పించడం కుదరకపోతే అద్దాలు, టైర్లు, లోపలి మ్యాట్లు అప్పగించి, రేకు ముట్టుకోవద్దని చెప్పండి. దుమ్ము ఊరికే కూర్చున్నంతసేపూ ఏమీ చేయదు, రుద్దినప్పుడే గీస్తుంది. అందుకే పొడి డస్టర్ కూడా వద్దు.

వారం పది రోజులకోసారి, ఎండ తగలని చోట, బానెట్ చల్లారాక కడగండి. 15 లీటర్ల బకెట్లు రెండు తీసుకోండి. ఒకదాంట్లో కార్ షాంపూ, సీసా మీద రాసిన కొలత ప్రకారం. రెండోదాంట్లో ఉత్త నీళ్లు. రెండింటి అడుగునా గ్రిట్ గార్డ్ అనే ప్లాస్టిక్ జల్లెడ ఉంటే మట్టి దాని కిందికి దిగి మళ్లీ పైకి రాదు. మొదట మూడు నాలుగు నిమిషాలు పైపుతో నీళ్లు కొట్టి, చేతితో ముట్టకుండా పోయే మట్టినంతా పోగొట్టండి. తర్వాత మైక్రోఫైబర్ గ్లవ్ షాంపూలో ముంచి, కప్పు మీద మొదలుపెట్టి కిందికి రండి. గ్లవ్‌ను తిన్నగా నిలువుగానో అడ్డంగానో జరపాలి, నొక్కకూడదు. గ్లవ్ బరువు చాలు. ఒక డోరు అవగానే ఉత్త నీళ్లలో జాడించి, ఆ తర్వాతే మళ్లీ షాంపూలో ముంచాలి. డోర్ల కింది జానెడు భాగానికీ, చక్రాలకూ వేరే గ్లవ్. ఆరబెట్టేటప్పుడు పెద్ద మైక్రోఫైబర్ టవల్ తడి రేకు మీద పరిచి మెల్లగా లాగండి.

గుడ్డ నేల మీద పడిందంటే ఆ రోజుకు దాని పని అయిపోయినట్టే. దులిపి మళ్లీ వాడొద్దు. మైక్రోఫైబర్ గుడ్డల్ని నూలు బట్టలతో కలిపి ఉతికితే నూలు పీచు పట్టుకుంటుంది. ఫ్యాబ్రిక్ కండిషనర్ వేస్తే నీళ్లు పీల్చడం మానేస్తాయి.

ప్రశ్న: ఉన్న గీతల్ని ఇంట్లోనే తీద్దామని డ్యూయల్ యాక్షన్ పాలిషర్ కొన్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి? ఎంత నొక్కాలి? రంగు లేచిపోతుందేమోనని భయంగా ఉంది. – హైదరాబాద్

జవాబు: మీరు కొన్నది సరైన మెషినే. రోటరీ అయితే ఒకేచోట తిరిగి వేడెక్కుతుంది, చేయి తిరగనివాళ్లు పూతను కాల్చేస్తారు. డ్యూయల్ యాక్షన్ తిరుగుతూనే ఊగుతుంది, అంత తేలిగ్గా హాని చేయదు. గీత తీయడమంటే గీత పోవడం కాదు, దాని చుట్టూ ఉన్న పూతను గీత లోతు దాకా అరగదీయడం. ఒకసారి మోస్తరుగా పాలిష్ చేస్తే సుమారు 1 నుంచి 3 మైక్రాన్లు పోతుంది. ఉన్న 40 మైక్రాన్ల నుంచే అది ఖర్చు పెడుతున్నారు. ఎండను ఆపే రసాయనం ఉండేది కూడా ఆ పొరలోనే. గోరు అడ్డంగా జరిపినప్పుడు తట్టుకునే గీత ఉంటే దాని జోలికి వెళ్లొద్దు. అది పూర్తిగా పోయే లోపు పూతే పోతుంది.

కారు కడిగాక, పల్చటి పాలిథిన్ కవర్ చేతికి తొడుక్కుని బానెట్ నిమరండి. గరుకుగా, ఇసుక చల్లినట్టు తగిలితే పూతలో దిగిన రేణువులున్నాయన్నమాట. బ్రేకు పొడి, రైలు పట్టాల దగ్గరి ఇనుప రజను అలా దిగుతాయి. ఐరన్ రిమూవర్ కొడితే ఇనుమున్న చోట ఊదా రంగు నీరు కారుతుంది. కొన్ని నిమిషాలాగి, ఆరకముందే కడిగేయండి. మిగిలినదానికి క్లే బార్ అనే మెత్తటి ముద్ద. 50 గ్రాముల ముక్కను అప్పడంలా వత్తి, షాంపూ నీళ్లు ధారాళంగా చల్లి, ఏమాత్రం నొక్కకుండా జార్చాలి. మురికి పట్టినప్పుడల్లా మడిచి కొత్త వైపు బయటికి తీయండి. కింద పడితే పారేయండి. క్లే కూడా నలుపు మీద సన్నటి మసక వదులుతుంది, అందుకే పాలిష్‌కు ముందే చేయాలి.

రబ్బరు బీడింగులకూ, నల్ల ప్లాస్టిక్ పట్టీలకూ, రేకు మడత తిరిగిన పదునైన అంచులకూ మాస్కింగ్ టేపు వేయండి. అంచుల మీద పూత పల్చగా ఉంటుంది, అక్కడే ఎక్కువగా లేచిపోతుంది. పూత మందం కొలిచే పెయింట్ గేజ్ అద్దెకు దొరికితే ఒక్కో ప్యానెల్‌లో నాలుగైదు చోట్ల పెట్టి చూడండి. కారంతా 120 మైక్రాన్లు చూపిస్తూ ఒక డోరు మాత్రం 250 చూపిస్తే దానికి మళ్లీ పెయింట్ వేశారని అర్థం. 80కి దిగిన చోట మెషిన్ పెట్టకండి. మామూలు గేజ్ ప్లాస్టిక్ బంపర్ మీద పనిచేయదు. బంపర్ త్వరగా వేడెక్కుతుంది కూడా, అక్కడ చేయి తేలిగ్గా ఆడించండి.

కారంతా ఒకేసారి ఎత్తుకోవద్దు. బానెట్ మీద అర మీటరు చదరం మాత్రం తీసుకుని ప్రయోగం చేయండి. మెత్తటి ఫోమ్ ప్యాడ్, సన్నరకం పాలిష్ — వీటితోనే మొదలుపెట్టండి. గీతలు పోకపోతే అప్పుడు గట్టి ప్యాడ్, ఆ తర్వాత కాంపౌండ్ అనే ముతకరకం పాలిష్. పని జరిగే మేరకు అతి మెత్తటిది ఏదో తేల్చుకోవడమే ఈ ప్రయోగం. ప్యాడ్ మీద బఠాణీ గింజంత చుక్కలు నాలుగు, మెషిన్ ఆపి ఉండగానే రేకు మీద అద్దండి. స్పీడ్ 1లో పరిచి, 4 లేదా 5కు పెంచండి. ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా, సగం సగం కలిసేలా, మొత్తం నాలుగు నుంచి ఆరుసార్లు. అందరూ చేసే తప్పు తొందర. అర మీటరు దాటడానికి కనీసం 15 సెకన్లు పట్టాలి.

ఎంత నొక్కాలో చేతికి కాదు, మెషిన్‌కు తెలుస్తుంది. ప్యాడ్ అతికించే బ్యాకింగ్ ప్లేటు అంచున మార్కర్‌తో ఒక గీత గీయండి. పని చేస్తున్నప్పుడు ఆ గీత మెల్లగా తిరుగుతూ కనిపించాలి. గీత నిలబడిపోయిందంటే ఎక్కువ నొక్కుతున్నారు, లేదా మెషిన్‌ను పక్కకు వంచారు. ప్యాడ్ తిరగకుండా ఊగుతుంటే పాలిష్ పని చేయదు, పొడి మాత్రం రాలుతుంది. అర మీటరు అయిన ప్రతిసారీ ప్యాడ్‌ను బ్రష్‌తో దులపండి. అరిగిన పూత పొడి అందులో గట్టిపడి కొత్త గీతలు పెడుతుంది. ఎక్కువ పాలిష్ వేస్తే ప్యాడ్ జారుతుంది, మసక మిగులుతుంది. రేకు మీద అరచేయి ఆన్చలేనంత వేడైతే ఆపండి.

తుడిచాక అద్దంలా కనిపిస్తుంది. దాన్ని అప్పుడే నమ్మకండి. పాలిష్‌లోని నూనె గీతల్లో నిండి వాటిని దాస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను నాలుగు రెట్లు నీళ్లతో కలిపి స్ప్రే చేసి తుడిచి, చీకటి చేసి, ఒక్క ఎల్ఈడీ టార్చ్‌ను పక్క నుంచి వేసి చూడండి. ట్యూబులైటు కింద ఏ కారైనా బాగుంటుంది. గీతలు పోయి పొగపట్టినట్టు మసక మిగిలితే అది కాంపౌండ్ వదిలింది. మెత్తటి ఫినిషింగ్ ఫోమ్, సన్న పాలిష్, స్పీడ్ 3, దాదాపు ఒత్తిడి లేకుండా రెండు మూడుసార్లు తిప్పండి. నలుపులో లోతు వచ్చేది ఈ చివరి విడతలోనే, దీన్ని మాత్రం వదిలేయకండి. కొత్తవాళ్లకు కారంతా రెండు పూర్తి రోజుల పని.

ప్రశ్న: బయట రబ్బింగ్ పాలిష్ చేయించాను. వారం అద్దంలా ఉంది. రెండుసార్లు కడిగేసరికి పాత గీతలన్నీ తిరిగొచ్చాయి, పైగా ఎండలో బానెట్ మీద పొగ మెలికల్లాంటి మెరుపులు. – వరంగల్

జవాబు: గీతలు తిరిగి రాలేదు, అసలు పోనేలేదు. గ్లేజ్ లాంటి నూనె సరుకుతో పూడ్చారు, షాంపూకు అది కొట్టుకుపోయింది. మెలికలు రోటరీ మెషిన్‌కు ఉన్ని ప్యాడ్ వేసి, చివరి విడత చేయకుండా వదిలేసిన గుర్తులు. వాటిని హోలోగ్రాములంటారు. లోతు తక్కువ కాబట్టి డ్యూయల్ యాక్షన్ మెషిన్, మెత్తటి ఫోమ్, సన్న పాలిష్‌తో సాధారణంగా పోతాయి. మళ్లీ కాంపౌండ్ పెట్టనివ్వకండి. ఈసారి ఎక్కడ చేయించినా డబ్బు ఇచ్చే ముందు ఒక ప్యానెల్‌ను మీ ఎదుటే ఆల్కహాల్ నీళ్లతో తుడిపించి, కారు ఎండలోకి తీయించి చూడండి. చక్కగా చేసినవాళ్లు దానికి ఎప్పుడూ కాదనరు.

ప్రశ్న: కొత్త కారుకు 9హెచ్ సిరామిక్ కోటింగ్ వేయించుకుంటే గీతలే పడవంటున్నారు. నిజమేనా? వ్యాక్స్ కన్నా మంచిదా? – విశాఖపట్నం

జవాబు: గీతలు పడవనడం నిజం కాదు. 9హెచ్ అనేది పెన్సిల్‌తో గీసి చూసే పరీక్షలోని కొలత. ఖనిజాల గట్టితనాన్ని కొలిచే మోస్ స్కేలుతో దానికి సంబంధం లేదు. కోటింగ్ మందం ఒకటి రెండు మైక్రాన్లు. ఇసుకతో రుద్దితే గీత పడుతుంది, రాయి తగిలితే పెచ్చు లేస్తుంది. రాళ్లను ఆపాలంటే 150 నుంచి 200 మైక్రాన్ల పీపీఎఫ్ (పెయింట్‌ను కాపాడే పారదర్శకమైన ఫిల్మ్) కావాలి, కనీసం బంపర్‌కూ బానెట్‌కూ. కోటింగ్‌తో వచ్చే లాభం వేరు: నీళ్లు ముత్యాల్లా జారిపోతాయి, మురికి గట్టిగా పట్టుకోదు, కడగడం తేలికవుతుంది, అందువల్ల గీతలు తక్కువ పడతాయి. అంతమాత్రానికే అయినా నల్ల కారుకు అది విలువైనదే.

కోటింగ్ కింద ఏముంటే అదే ఏళ్ల తరబడి కనిపిస్తుంది. కొత్త కారైనా యార్డులో, షోరూములో తుడుపులు తిని వస్తుంది. ముందు టార్చ్ వేసి చూసి, పాలిష్ చేయించాకే కోటింగ్. మీ ఊరి గాలిలో తేమ ఎక్కువ. తేమను బట్టి కోటింగ్ తుడవాల్సిన సమయం మారిపోతుంది. సరిగా తుడవకపోతే రేకు మీద నూనె మరకలాంటి ముదురు మచ్చలు గట్టిపడతాయి, వాటిని తీయాలంటే మళ్లీ పాలిష్ చేయాల్సిందే. ఏసీ ఉన్న మూసిన గదిలో చేస్తారో లేదో అడగండి. వేసిన 24 గంటలు నీటిచుక్క తగలకూడదు, వారం రోజులు షాంపూ వద్దు.

ఇక వ్యాక్స్. కార్నాబా మైనం బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటి జాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది, 82 నుంచి 86 డిగ్రీల మధ్య కరుగుతుంది. మన ఎండల్లో నల్ల బానెట్ బాగా కాలుతుంది కాబట్టి నెల, నెలన్నర కన్నా ఎక్కువ నిలవదు. కానీ బాగా పాలిష్ చేసిన నలుపు మీద కార్నాబా ఇచ్చే తడి తడి నిగారింపు కొందరికి కోటింగ్ గాజు మెరుపు కన్నా ఎక్కువ నచ్చుతుంది. మీకు కారు కడిగే ఓపిక ఉంటే వ్యాక్స్ వేసుకోండి. పల్చగా, కారంతటికీ రెండు చెంచాలకు మించకుండా. మందంగా వేస్తే తుడవలేక గీతలు పెట్టుకుంటారు.

ప్రశ్న: బోరు నీళ్లతో కడిగితే తెల్ల మచ్చలు పడుతున్నాయి. నీళ్లు వృథా కాకూడదని ఆర్ఓ ఫిల్టర్ వదిలే నీళ్లతో కడుగుతున్నా తగ్గలేదు. – అనంతపురం

జవాబు: ఫిల్టర్ వదిలేసే నీళ్లలో బోరు నీళ్లకన్నా ఎక్కువ ఉప్పు ఉంటుంది. మంచినీళ్ల నుంచి తీసేసిన కాల్షియం, మెగ్నీషియం అందులోకే చేరతాయి. నేల కడగడానికి వాడండి, కారుకు వద్దు. కడగడం బోరు నీళ్లతో కానిచ్చి, చివర్లో ఒక్కసారి ఐదు లీటర్ల ఆర్ఓ మంచినీళ్లు పై నుంచి ధారగా పోసి వెంటనే తుడిచేయండి. సమస్యలో చాలా భాగం తీరుతుంది.

పడిన మచ్చలకు తెల్ల వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి, మైక్రోఫైబర్ గుడ్డ తడిపి చల్లటి రేకు మీద ఒక నిమిషం పరచండి. ఆరనివ్వకుండా బాగా కడగండి. కాంతిలో చూస్తే చుక్క గుంటలా మిగిలిందంటే అది పూతను తిన్నట్టు, ఇక పాలిష్ ఒక్కటే మార్గం.

ప్రశ్న: సెల్లార్‌లో స్లాబ్ నుంచి చుక్కలు పడి నల్ల కారు కప్పు మీద తెల్లటి పెచ్చులు కట్టాయి. గీకితే పోతాయా? – హైదరాబాద్

జవాబు: గీకకండి. అది మామూలు నీళ్ల మచ్చ కాదు. నీరు కాంక్రీటు గుండా ఊరేటప్పుడు సిమెంటులోని సున్నాన్ని కరిగించుకుని దిగుతుంది, గాలి తగిలి గట్టిపడుతుంది. ఘాటైన క్షారం, తాజా చుక్కే పూతను తినడం మొదలుపెడుతుంది. పైన చెప్పిన వెనిగర్ గుడ్డనే రెండేసి నిమిషాల చొప్పున మూడు నాలుగు విడతలు పరిచి, ప్రతిసారీ కడగండి. పొంగు వచ్చి మెత్తబడుతుంది. కరిగినంత మేరకే తీయండి. ఆలస్యమైతే కింద గుంట మిగలడం ఖాయం. స్లాబ్‌కు వాటర్‌ప్రూఫింగ్ చేసేదాకా ఆ చోట కారు పెట్టకండి, లేదా పైన చిన్న రేకు తొట్టి కట్టించి నీటిని పక్కకు మళ్లించండి.

ప్రశ్న: తోటలో మామిడి చెట్టు కింద పెట్టే కారు, చెట్టు పూసే కాలంలో జిగురు జిగురుగా అవుతోంది. – నూజివీడు

జవాబు: అది చెట్టు బంక కాదు, తేనెమంచు పురుగు వదిలే తీపి ద్రవం. తాజాగా ఉంటే గోరువెచ్చని షాంపూ నీళ్లకే కరుగుతుంది. రెండు మూడు ఎండలు తగిలితే బిగుస్తుంది, దాని మీద దుమ్ము, నల్ల బూజు చేరతాయి. తడి గుడ్డ పది నిమిషాలు పరిచి నాననివ్వండి, రుద్దకండి. పక్షి రెట్టకూ ఇదే పద్ధతి, కాకపోతే దానికి గంటలు కూడా ఆగకూడదు. ఎండకు పూత మెత్తబడి సాగుతుంది, చల్లబడ్డాక గట్టిపడిన రెట్ట ఆకారానికే బిగుసుకుంటుంది. అందుకే మచ్చ పోయినా అంచులు మిగులుతాయి. డిక్కీలో ఒక నీళ్ల స్ప్రే, రెండు శుభ్రమైన గుడ్డలు ఉంచుకోండి.

ప్రశ్న: ఆయుధపూజకు బానెట్ మీద గంధం, కుంకుమతో స్వస్తిక్ వేస్తాం. నల్ల కారుకు ఇబ్బందా? – రాజమహేంద్రవరం

జవాబు: ఒక పూటకు ఇబ్బంది లేదు. మరుసటి రోజు పొడిగుడ్డతో దులిపినప్పుడే నష్టం జరుగుతుంది. ఎండిన గంధంలో, పసుపులో రేణువులుంటాయి. ముందు నీళ్లు పోసి నానబెట్టి, షాంపూ గ్లవ్‌తో తీయండి. వీలైతే బొట్టు ముందు అద్దానికీ, నంబరు ప్లేటుకూ పెట్టండి. బంతిపూల దండను ఇనుప తీగతో కాకుండా నూలు దారంతో కట్టించండి, ఊరేగింపు అవగానే తీసేయండి. గాలికి ఊగే తీగ బానెట్ అంచున గీసే గీత పాలిష్‌కు పోయేది కాదు. కొబ్బరినీళ్లు చిందితే తీపి మరక కడుతుంది, అప్పుడే కడిగేయండి. కర్పూర హారతి బానెట్‌కు మూరెడు దూరంలో ఉండాలి.

ప్రశ్న: ఇక్కడ చలికాలంలో బయట కడగలేం. బ్రష్‌లు తిరిగే ఆటోమేటిక్ వాష్‌కు వెళ్తే నల్ల కారు పాడవుతుందా? – డాలస్

జవాబు: అవుతుంది. మీ ముందు వెళ్లిన బండి మట్టి ఆ బ్రష్‌లలోనే ఉంటుంది. బ్రష్‌లు తగలని టచ్‌లెస్ వాష్ నయం. గీయదు, కాకపోతే ఘాటు రసాయనాలకు వ్యాక్స్ పోతుంది. ఇంకా మంచిది గ్యారేజీలో రిన్స్‌లెస్ వాష్, అంటే మళ్లీ నీళ్లు పోసి కడగక్కర్లేని పద్ధతి: ఎనిమిది లీటర్ల నీళ్లకు సాధారణంగా 30 మి.లీ. ద్రావణం, ఎనిమిది పది మైక్రోఫైబర్ గుడ్డలు. ఒక్కో ప్యానెల్‌కు తాజా గుడ్డ, మురికి గుడ్డ బకెట్‌లో ముంచొద్దు. బాగా బురద పట్టినప్పుడు మాత్రం ముందు ప్రెజర్ వాటర్ కొట్టించాలి. నీళ్లకు కటకటపడే మన అపార్ట్‌మెంట్లకూ ఈ పద్ధతి బాగా సరిపోతుంది.

ప్రశ్న: చిన్న గీతలకు టూత్‌పేస్టు, మెరుపుకు కిరోసిన్ అంటారు. వాడొచ్చా? రాత్రి కవర్ కప్పడం మంచిదేనా? – కర్నూలు

జవాబు: టూత్‌పేస్టులో అరగదీసే పొడి ఉంటుంది. అది పూత కోసం చేసింది కాదు, నలుపు మీద చెయ్యంత మసక మచ్చ మిగులుస్తుంది. కిరోసిన్, డీజిల్ ఇచ్చేది నూనె జిడ్డు. గంటలో దుమ్ము అంటుకుంటుంది, రబ్బరు బీడింగులు ఉబ్బుతాయి. గిన్నెలు తోమే సబ్బు కారు మీదున్న వ్యాక్స్‌ను లాగేస్తుంది.

కవర్ గాలి ఆడని షెడ్డులో, శుభ్రంగా కడిగి ఆరిన కారు మీదైతే మంచిదే. దుమ్ము ఉన్న కారు మీద కప్పితే, ఆరుబయట గాలికి కవర్ రెపరెపలాడుతూ రాత్రంతా రుద్దుతూనే ఉంటుంది. తడి కారు మీద కప్పితే లోపల ఆవిరి పట్టి మచ్చలు పడతాయి. ఆరుబయట పెట్టేవాళ్లు కవర్ లేకుండా ఉంచి, పొద్దున్నే మంచు తడి మీద గుడ్డ పెట్టకుండా వైపర్‌తో అద్దం మాత్రం తుడుచుకుని బయల్దేరడం మేలు.